పిల్ల పగడాలు ఎక్కడ పోతున్నాయి? దక్షిణ అండమాన్ నుంచి ఒక కేస్ స్టడీ

పగడపు దిబ్బ దెబ్బతిందనగానే ఎవరైనా మొదట అడిగేది "మళ్లీ నాటొచ్చా?" అనే. నాటడం కంటికి కనిపించే పని. ఫోటోలు వస్తాయి, రిపోర్టులో లెక్క చూపించొచ్చు, నిధులిచ్చినవాళ్లకు తృప్తి. ఈ కేసులో కూడా మా దగ్గరికి వచ్చిన అర్జీ అదే. చివరికి చేసిన పనిలో మాత్రం నాటడం చాలా చిన్న భాగం. ఎందుకలా మారిందో వివరంగా రాస్తే ఇదే పనిలో ఉన్నవాళ్లకు ఉపయోగపడుతుందనిపించింది. ఊరి పేరు, అఖాతం పేరు, డబ్బిచ్చిన సంస్థ పేరు రాయడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

నేపథ్యం

దక్షిణ అండమాన్‌లో నైరుతి గాలికి సగం తెరుచుకుని ఉన్న ఒక చిన్న అఖాతం. ఒడ్డున మత్స్యకారుల ఊరు. సగానికి పైగా కుటుంబాలు శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చినవాళ్లవి. అండమాన్‌లో ఇది వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగే మాతృభాష. పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) చేపల రేవులో అరగంట నిలబడితే చాలు, మన ఉత్తరాంధ్ర యాస చెవిన పడుతుంది.

దిబ్బ తీరాన్ని ఆనుకుని ఉంటుంది. ఆటు సమయంలో మోకాలి లోతుకు దిగిపోయే చదును, దాని అంచు, అక్కడి నుంచి పన్నెండు పదిహేను మీటర్ల లోతు దాకా వాలు, ఆ తర్వాత ఇసుక. ఒక మూలన కొండ మీంచి వచ్చే వాగు కలుస్తుంది. వాగు నోటి దగ్గర కొద్దిగా మడ చెట్లున్నాయి.

ఈ దిబ్బ పడ్డ దెబ్బల చరిత్ర పెద్దదే. 1998లో సముద్రం వేడెక్కి హిందూ మహాసముద్రం పొడవునా పగడాలు తెల్లబారాయి. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి దిబ్బలు నీటి బయటికి వచ్చి చచ్చిపోయాయి. దక్షిణాన అందుకు భిన్నంగా నేల కుంగింది, పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల దాదాపు ఒక మీటరు. అందుకే ఇక్కడి దిబ్బ ఎండలో పడలేదు గానీ సునామీ అలలకు చాలా కొమ్మలు విరిగాయి. తర్వాత 2010 ఏప్రిల్, మే నెలల్లో మళ్లీ బ్లీచింగ్. ఊళ్లో ఎవరినడిగినా దీన్నే ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. 2016లో ఇంకోసారి.

బ్లీచింగ్ గురించి కొత్తవాళ్ల కోసం క్లుప్తంగా. పగడం జీవి ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురం ఉంటుంది. ఎండలో ఆహారం తయారుచేసి పగడానికి పెట్టేది అదే, రంగు ఇచ్చేదీ అదే. ఏడాదిలో అత్యంత వేడి నెలకుండే సగటు కన్నా నీరు ఒక డిగ్రీ పెరిగి కొన్ని వారాలు అలాగే ఉంటే పగడం ఆ నాచును బయటికి తోసేస్తుంది. తెల్లబడిన పగడం చచ్చినట్టు కాదు, పస్తున్నట్టు. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, తగ్గకపోతే పోతుంది. అండమాన్‌లో ప్రమాదమంతా నైరుతి మబ్బులు రాకముందు, ఏప్రిల్, మే నెలల్లో. ముందుగా పోయేవి కొమ్మల పగడాలు, అంటే ఆక్రోపోరా జాతులు. గుండ్రాయిలా పెరిగే పోరైటిస్ చాలావరకు తట్టుకుంటుంది.

ఈ అఖాతంలో వాలంతా ఒకప్పుడు ఆక్రోపోరానే. చచ్చిన కొమ్మలు ఏడాదీ రెండేళ్లూ అలాగే నిలబడ్డాయి. లోపల స్పాంజీలు, పురుగులు తొలిచేశాయి. తర్వాతి వానాకాలపు అలలకు విరిగి పడ్డాయి. మేం వెళ్లేసరికి వాలు మీద వేలెడు పొడవు ముక్కలు పొరలు పొరలుగా పరుచుకుని ఉన్నాయి, మధ్యమధ్యలో పెద్ద పోరైటిస్ గుండ్లు.

వచ్చిన సమస్య

బ్లీచింగ్ జరిగి ఏళ్లు గడిచినా దిబ్బ తిరిగి లేవడం లేదు. చేపలు తగ్గాయని ఊరివాళ్లు, చూపించడానికి ఏమీ లేదని టూరిస్టు బోట్లవాళ్లు. ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత నిధుల నుంచి డబ్బిస్తామంది. షరతు ఒకటే, ఇనప ఫ్రేముల మీద పగడాలు నాటాలి.

మమ్మల్ని ఆలోచనలో పడేసింది వేరే విషయం. కొండ చరియ దాటితే ఇంకో అఖాతం ఉంది. అదే నీరు, అదే వేడి, అదే 2010. అక్కడ కొమ్మల పగడాలు నెమ్మదిగానైనా తిరిగి వస్తున్నాయి. రెంటినీ దెబ్బతీసింది వేడే. కానీ కోలుకోవడంలో తేడా వచ్చిందంటే ఆ తేడాకు కారణం వేడి కాదు, ఇక్కడే ఇంకేదో ఉంది. అదేమిటో తెలియకుండా నాటితే, పాతవాటిని బతకనివ్వనిదే కొత్తవాటినీ బతకనివ్వదు. నిధులిచ్చేవాళ్లకు ఈ మాట నచ్చలేదు. ఒక వానాకాలం ఆగండి, చిన్న ట్రయల్‌గా ఫ్రేములూ వేద్దాం, పక్కనే కారణం కూడా వెతుకుదాం అని ఒప్పించాం.

వెతకడం ఎలా

రైతు మొలక రాలేదంటే విత్తనం పడలేదా, పడి మొలవలేదా, మొలిచి చచ్చిందా అని చూస్తాడు. మేమూ ఆ వరసలోనే వెళ్లాం. పగడాల లార్వాలు నీటిలో కొట్టుకొచ్చి గట్టి చోటు దొరికితే అతుక్కుంటాయి. అవి రావడమే లేదంటే బయటి నుంచి తెచ్చి నాటడంలో అర్థం ఉంది. వచ్చి చచ్చిపోతుంటే లేదు.

దీనికి వాడింది మామూలు మట్టి పెంకులు, మెరుపు పూత లేనివి. స్టీలు బోల్టుతో దిబ్బ రాతికి బిగించి, కిందివైపు వేలు దూరేంత సందు వదిలాం. పిల్ల పగడాలకు పైభాగం కన్నా ఆ సందే ఇష్టం, ఎందుకంటే అక్కడ మట్టి పడదు, మేసే చేప నోరు దూరదు. కొన్ని నెలల తర్వాత తీసి, బ్లీచ్ కలిపిన నీళ్లలో నానబెట్టి, నాచు పోయాక భూతద్దం కింద చూశాం. మిల్లీమీటరు వెడల్పున తెల్లటి చిన్న గిన్నె, లోపల ఆకుల్లా నిలబడ్డ గోడలు. ఆ గోడల తీరును బట్టి అది ఆక్రోపోరా కుటుంబమా, పోసిల్లోపోరా కుటుంబమా అనేంతవరకు చెప్పొచ్చు. ఏ జాతి అనేది ఆ వయసులో చెప్పలేం.

పక్క అఖాతంలోనూ అవే పెంకులు పెట్టాం కాబట్టి పోల్చడం తేలికైంది. రెండు చోట్లా పిల్లలు దాదాపు ఒకే మోస్తరుగా వచ్చాయి. అంటే లార్వాలకు కరువు లేదు. నాటాలన్న వాదనకు పెద్ద ఆధారం అక్కడే పోయింది.

ఇక మిగిలింది, అతుక్కున్నాక ఏమవుతోంది? వాలు మీది ముక్కలు కొన్ని ఏరి, రంగు పూసి, వరసగా పేర్చి వదిలాం. నైరుతి వచ్చి వెళ్లాక చూస్తే వరస అంటూ ఏమీ మిగల్లేదు. కొన్ని తిరగబడ్డాయి, కొన్ని వాలు కిందికి జారాయి, కొన్ని కనపడనే లేదు. ఇలాంటి ముక్క మీద అతుక్కున్న మిల్లీమీటరు పగడం ఒక్కసారి తలకిందులైతే చాలు, వెలుతురు అందక, పక్క ముక్కల ఒరిపిడికి పోతుంది. దేనిమీదా గోరు సైజు దాటిన పిల్ల పగడం కనపడకపోవడానికి కారణం ఇదే.

మట్టి సంగతి కూడా తేల్చుకోవాలి. ఊళ్లో అందరి అనుమానం వాగు మీదే, పైన కొండ తవ్వి రోడ్డు వేస్తున్నారు. అనుమానం సబబైనదే. ఆంధ్ర తీరంలో పగడపు దిబ్బలు ఎందుకు లేవంటే చెప్పే మొదటి కారణం కూడా నదులే. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రులో, మంచినీటిలో దిబ్బ కట్టే పగడాలు నిలవలేవు. అయితే ఇక్కడ ఎంత మట్టి, ఎక్కడ పడుతోంది? పీవీసీ పైపు ముక్కలకు అడుగున మూత బిగించి, ఇనప చువ్వలకు కట్టి వాలు పొడవునా నిలబెట్టాం. వీటితో ఒక చిక్కుంది. అలలకు అడుగు నుంచి లేచిన ఇసుక కూడా వీటిలోనే పడుతుంది. నిండింది కదా అని అదంతా వాగు మట్టే అనుకోకూడదు. అందుకే పట్టిన మడ్డిని ఎండబెట్టి, తూచి, పలచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోశాం. పగడపు ఇసుక సున్నం కాబట్టి నురగలు కక్కి కరిగిపోతుంది. అడుగున మిగిలేది నేల నుంచి వచ్చింది.

వాగు మూలలోని పైపుల్లో నురగ తక్కువ, ఎర్ర మట్టి ఎక్కువ, అదీ తొలి వానల తర్వాత. మిగతా వాలు పొడవునా పైపులు నిండాయి గానీ, యాసిడ్ పోస్తే దాదాపు అంతా కరిగిపోయింది. కాబట్టి ఇక్కడ ఉన్నది ఒక సమస్య కాదు, రెండు. వాగు వైపు మట్టి. మిగతా చోట కదిలే ముక్కలు. మందు ఒకటే వేస్తే రెంటికీ పనిచేయదు.

లంగర్లు మూడో విషయం. పెద్ద పోరైటిస్ గుండ్ల మీద గాయాలు లెక్కపెట్టాం. ఇందులో ఒక సౌకర్యం ఉంది. తాజా గాయం తెల్లగా మెరుస్తుంది, కొద్ది రోజుల్లోనే దాని మీద పచ్చటి నాచు పట్టేస్తుంది. కాబట్టి తెల్లటి గాయం కనపడిందంటే అది ఈ మధ్యదే. పడవలు ఆగే మూలలో ఎప్పుడు దిగినా తెల్లటి గాయాలు ఉన్నాయి. గుండు మీద గీత, దాని వెంబడి వాలు మీద లంగరు ఈడ్చిన చాలు, ఆ చాలులో కొత్తగా తిరగబడ్డ ముక్కలు. అంటే అలలు లేని నెలల్లో కూడా ముక్కల్ని నిలకడగా ఉండనివ్వనిది ఇదన్నమాట.

పనిచేయనివి

ముందు ఫ్రేముల సంగతి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో గట్టి పగడాలన్నీ 2001 నుంచి షెడ్యూల్ 1లో ఉన్నాయి, పులితో సమానంగా. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా ముట్టుకోవడానికి లేదు. అనుమతి కూడా ఎలా అడిగామంటే, బతికున్న పగడాన్ని విరవం, ఇప్పటికే విరిగి ఇసుకలో పడి ఎలాగూ చచ్చే ముక్కల్నే ఏరి కడతాం అని. సగం ఫ్రేములు ముక్కల వాలు మీద, సగం గట్టి రాతి మీద పెట్టాం. తేడా తెలియాలంటే రెండు చోట్లా ఉండాలి.

ముక్కల వాలు మీదివి తొలి వానాకాలంలోనే ఒరిగాయి. కాళ్లు దిగడానికి కింద గట్టి నేల లేదు. ఒరిగిన ఫ్రేము కింద పగడాలు ముక్కల్లో కూరుకుపోయాయి. రాతి మీదివి చక్కగా పెరిగాయి. ఫోటోలూ బాగా వచ్చాయి, నిధులిచ్చినవాళ్లు సంతోషించారు. తర్వాత ఒక వేసవిలో నీరు వేడెక్కింది. ఫ్రేముల మీద కట్టింది చాలావరకు ఆక్రోపోరా. త్వరగా పెరుగుతుందనే కదా అందరూ దాన్ని ఎంచుకుంటారు. త్వరగా పెరిగేదే ముందుగా తెల్లబారేది కూడా. కొన్ని కోలుకున్నాయి, చాలా పోయాయి.

దీన్ని బట్టి నాటడం ఎక్కడా పనికిరాదని అనను. మన్నార్ సింధుశాఖలో పగడపు రాయి తవ్వకం వల్ల బోడిగా మారిన చోట్ల నాటినవి నిలిచిన అనుభవం ఉంది. అక్కడ దెబ్బకు కారణం తవ్వకం, అది ఆగింది. ఇక్కడ కారణం ఇంకా నడుస్తూనే ఉంది.

రెండోది నోటీసు బోర్డు. "ఈ ప్రాంతంలో లంగరు వేయరాదు" అని ఒడ్డున పాతారు. అది మా సలహా కాదు, ఆపే అధికారమూ మాకు లేదు. ఎవరూ పట్టించుకోలేదు. ఊరి పెద్దాయన ఒకరు, వయసులో ఉండగా వేటకి ఈ సంద్రమంతా తిరిగినవారు, మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు.

"బాబూ, రాళ్ల మీద లంగరెయ్యాలని మాకేటి సరదా? లంగరు ఇరుక్కుంటే మోకు కోసుకోవాల. మోకూ పోద్ది, లంగరూ పోద్ది. నైరుతి గాలికి పడవ నిలబడేది ఆ మూలే. ఇంకో సోటు సూపించండి, అక్కడే ఏత్తాం."

"మాకు తెలీదు తాతా, మీరే చూపించండి" అన్నాం. చూపించారు. మా మ్యాప్‌లో ఒక్కటే ఉన్న పడవల రేవు నిజానికి రెండు. నైరుతి గాలికి ఒక మూల, నవంబరు తర్వాత ఈశాన్య గాలికి ఎదురు మూల. మూరింగ్, అంటే లంగరు వేయకుండా పడవ కట్టుకునేందుకు నీటి మీద తేలే బోయా, ఒక్కచోటే పెట్టి ఉంటే ఏడాదిలో సగం రోజులు ఎవరికీ పనికొచ్చేది కాదు.

పనిచేసినవి

మూరింగ్‌లే అన్నిటికన్నా చవకైన పని, అన్నిటికన్నా త్వరగా ఫలితం చూపించింది కూడా. రెండు మూలల్లోనూ దిబ్బ మధ్యలో ఉన్న ఇసుక మడుల్లో సిమెంటు దిమ్మలు దించి, పైన బోయాలు కట్టాం. ఒక సాంకేతిక విషయం చెప్పి తీరాలి. దిమ్మ నుంచి బోయా దాకా ఉత్త గొలుసు వేస్తే, ఆటులో వదులైన గొలుసు దిమ్మ చుట్టూ గుండ్రంగా తిరుగుతూ అడుగునంతా గీకేస్తుంది. లంగరు చేసే నష్టాన్నే మూరింగ్ ఇంకోలా చేస్తుంది. అందుకని గొలుసు బదులు తాడు వాడి, నీటి మధ్యలో చిన్న బెండు కట్టాం. అది తాడుని ఎప్పుడూ పైకి లాగిపెట్టి ఉంచుతుంది. బోయాల బాగోగులు ఊరి యువకులకే అప్పగించి, టూరిస్టు బోట్లు వాడుకున్నందుకు ఇచ్చే డబ్బు వాళ్లకే వెళ్లేలా మాట్లాడాం. తాడు అరిగితే మార్చేది వాళ్లే, దానికి దరఖాస్తు పెట్టాల్సిన పని లేదు. మరుసటి ఏడాదికి పోరైటిస్ మీద తెల్లటి గాయాలు అరుదైపోయాయి.

వాగు వైపు సముద్రంలో చేసిందేమీ లేదు. పని కొండ మీదే. రోడ్డు పని చేసేవాళ్లతో మాట్లాడి, తవ్వకం ఎండాకాలానికి పరిమితం చేయించాం, తవ్విన మట్టిని వాగు గట్టున పోయకుండా చూడమన్నాం, వాలులో రెండు మూడు చోట్ల మట్టి నిలిచే గుంతలు తీయించాం. సగం జరిగింది, సగం జరగలేదు. వాగు నోటి దగ్గరి మడ చెట్లను పార్కింగ్ కోసం కొట్టేద్దామన్న ప్రతిపాదన ఒకటి ఉండేది. అది ఆగింది. ఈ కేసులో నాకు బాగా సంతోషం కలిగించింది అదే. ఆ మూలలో పైపుల్లో ఎర్ర మట్టి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. పోయేదాకా ఆ వైపు దిబ్బ మీద ఒక్క రూపాయి ఖర్చు పెట్టొద్దన్నాం. ఇప్పటికీ అదే మాట.

ఇక ముక్కల వాలు. ఇండోనేసియాలోని కొమోడో జాతీయ పార్కులో బాంబులతో చేపలు పట్టడం వల్ల ఇలాంటి ముక్కల మైదానాలే మిగిలాయి. అక్కడ వలలు కప్పి చూశారు, సిమెంటు పలకలు పరిచి చూశారు, రాతి గుట్టలు పోసి చూశారు. బాగా నిలిచింది రాతి గుట్టలే. మేం కూడా ఆ దారే తొక్కాం, అయితే వాలంతా కాదు.

ఎక్కడ వేయాలి అన్నదాని మీదే ఎక్కువ చర్చ జరిగింది. ముక్కల పొర అంతా ఒకేలా లేదు. ఒక ముక్క పట్టుకుని మెల్లగా లాగితే అది ఒక్కటే చేతిలోకి వస్తే ఆ చోటు వదులుగా ఉన్నట్టు. పక్కనున్న నాలుగైదు కూడా కలిసి కదిలితే కింద స్పాంజీ, గులాబీ రంగు సున్నపు నాచు వాటిని అతికించడం మొదలుపెట్టినట్టు. అలాంటి చోట రాళ్లు వేస్తే దిబ్బ తనంతట తాను చేసుకుంటున్న పనిని పాడుచేసినట్టే. లోతు ఎక్కువున్న చోట, లంగర్లు పడని చోట ఇలా అతుక్కోవడం కనపడింది. వాటిని ముట్టుకోలేదు. మరీ లోతు తక్కువగా ఉండి అల విరిగే చోట వేస్తే పెద్ద రాళ్లు కూడా దొర్లుతాయి. అందుకని అల విరిగే చోటికి కిందా, వెలుతురు బాగా అందేంత పైనా ఉన్న నడిమి పట్టీని ఎంచుకున్నాం. అందులోనూ పెంకుల మీద పిల్లలు ఎక్కువ కనపడ్డ చోటు.

రాళ్లు క్వారీవి. చచ్చిన పగడపు రాయి వాడటానికి చట్టం ఒప్పుకోదు, ఒప్పుకున్నా వాడకూడదు. ఒక మనిషి ఎత్తలేనంత పెద్దవి, గరుకైనవి, నడుము ఎత్తు గుట్టలుగా. బోటు మీంచి దొర్లించకుండా పట్టీలు కట్టి ఒక్కొక్కటే దించాం, కింద పోరైటిస్ ఉంటుందని. గుట్టకీ గుట్టకీ మధ్య ఖాళీ వదిలాం. దీవుల తీర నియంత్రణ నిబంధనల కింద అనుమతులు రావడానికి పట్టిన కాలంతో పోలిస్తే రాళ్లు దించిన కాలం లెక్కలోకే రాదు. ఈ పని తలపెట్టేవాళ్లు బడ్జెట్ కన్నా ముందు ఫైలు మొదలుపెట్టడం మంచిది.

ఇంకో పట్టుదల కూడా పట్టాం. పక్కనే, అదే లోతులో, అదే లార్వాలు వచ్చే చోట, కొంత వాలుని ఏమీ చేయకుండా వదిలేయాలి. నిధులిచ్చినవాళ్లకు ఇది అర్థం కావడానికి టైం పట్టింది. "డబ్బు ఉంది కదా, అది కూడా కప్పేయండి" అన్నారు. కప్పేస్తే, రేపు పగడాలు వచ్చాక అవి రాళ్ల వల్ల వచ్చాయా, ఆ ఏళ్లు మంచివై ఎలాగూ వచ్చేవా అన్నది ఎవరూ చెప్పలేరు.

రాళ్ల మీద ముందు పలచటి నాచు, తర్వాత గులాబీ సున్నపు నాచు పట్టింది. లార్వాలను పిలిచేది ఈ గులాబీ నాచే. ఆ పైన పోసిల్లోపోరా పిల్లలు, తర్వాత ఆక్రోపోరా. ఇప్పుడు కొన్ని అరచేయి సైజు దాటాయి. వాటి కొమ్మల మధ్య చిన్న నీలం చేపలు దూరుతున్నాయి. ఏమీ చేయని వాలు మీద ఇప్పటికీ గోరు సైజు దాటినది దొరకడం కష్టం. ఒక్క పగడాన్నీ నాటకుండా వచ్చిన తేడా ఇది.

తేలనిది

చిలకచేపల సంగతి తేలలేదు. పారట్ ఫిష్ నాచును గీకి తింటుంది కాబట్టి పిల్ల పగడాలకు చోటు ఖాళీ అవుతుంది. రాత్రిపూట కొన్ని జాతులు ఒంటి చుట్టూ జిగురు పొర అల్లుకుని రాళ్ల సందులో నిద్రపోతాయి. టార్చి లైటు, బల్లెం ఉంటే పట్టడం చాలా తేలిక. ఊళ్లో కొందరు కుర్రాళ్లు ఇలా పట్టి హోటళ్లకు అమ్ముతున్నారు. మంచి రేటు పలుకుతోంది. మానేయమని చెప్పడానికి మా దగ్గర ఆ రేటుకు సరిపడేది ఏదీ లేదు. రాతి గుట్టల దగ్గర మాత్రం వేటాడబోమని ఒప్పుకున్నారు, ఇప్పటిదాకా మాట మీదే ఉన్నారు. మిగతా అఖాతంలో వేట సాగుతూనే ఉంది. కుర్రాళ్లను ఒప్పించడం కన్నా కొనే హోటళ్లతో మాట్లాడటమే దారి అనిపిస్తోంది. ఆ పని ఇంకా మొదలవ్వలేదు.

ఈ కేసు నుంచి వేరే చోటికి తీసుకెళ్లగలిగినవి

రాతి గుట్టలు అన్నిచోట్లా వేయమని దీన్నిబట్టి ఎవరైనా అర్థం చేసుకుంటే నాకు బాధ. లార్వాలు రాని చోట అవి ఉత్త రాళ్లే. మట్టి పడే చోట ఒక ఏడాదిలో బురద కప్పుకుంటాయి. పట్టుకెళ్లాల్సింది వరస. ముందు పెంకులు, తర్వాత రంగు ముక్కలు, యాసిడ్ పరీక్ష, గాయాల లెక్క. వీటన్నిటికీ అయిన ఖర్చు ఒక ట్రయల్ ఫ్రేముల బ్యాచ్ కన్నా తక్కువ. పక్కనే కోలుకుంటున్న దిబ్బ ఒకటి ఉంటే అదృష్టం, పోల్చడానికి దాన్ని మించింది లేదు. లేని చోట ఈ పద్ధతి అంత ఖచ్చితంగా తేల్చలేదు, అది ఒప్పుకోవాలి.

రెండోది, ఒప్పందంలో పెట్టే కొలమానం. "ఎన్ని పగడాలు నాటారు" అని రాసుకుంటే నాటడమే జరుగుతుంది. మేం తర్వాతి ఒప్పందంలో తాజా గాయాలు, గోరు సైజు దాటిన పిల్ల పగడాలు, వాగు మూలలో పైపుల ఎర్ర మట్టి, ఈ మూడూ రాయించాం. మూడూ ఊరి కుర్రాళ్లు కొలవగలిగినవే.

వేడి మాత్రం మా చేతిలో లేదు. 1998 తర్వాత పన్నెండేళ్లకు 2010, ఆ తర్వాత ఆరేళ్లకే 2016. ప్రపంచవ్యాప్తంగా నాలుగో బ్లీచింగ్ 2023లో మొదలైంది, 2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా (NOAA) దాన్ని అధికారికంగా ధ్రువీకరించింది. ఆ ఏడాది లక్షద్వీప్ కూడా తెల్లబారింది. త్వరగా పెరిగే కొమ్మల పగడాలకు కూడా పూర్తిగా కోలుకోవడానికి పది పదిహేనేళ్లు కావాలి. ఒక బ్లీచింగ్‌కీ ఇంకో బ్లీచింగ్‌కీ మధ్య దొరికే ఖాళీ అంత ఉండటం లేదు. కాబట్టి మూరింగ్‌లు, రాళ్లు చేసేది ఆ ఖాళీ వృథా పోకుండా చూడటమే. నిధులిచ్చినవాళ్లకు రాసిన రిపోర్టులో ఈ మాట మొదటి పేజీలోనే పెట్టాం.

దీన్నిబట్టి కొన్ని నిర్ణయాలు ముందే రాసిపెట్టుకున్నాం. నీరు మామూలు వేసవి కన్నా ఎన్ని డిగ్రీలు ఎక్కువగా, ఎన్ని వారాలు ఉందో కలిపి చూసే నోవా లెక్కలో (డిగ్రీ హీటింగ్ వీక్స్) ఆ మొత్తం 4 దాటితే బ్లీచింగ్ బాగా కనపడుతుంది, 8 దాటితే మరణాలు పెద్ద ఎత్తున ఉంటాయి. 4 దాటిన రోజు నుంచి గుట్టల దగ్గర డైవింగ్ ఆపడానికి బోట్లవాళ్లు ఒప్పుకున్నారు, ఆ సీజన్‌లో కొత్త రాళ్లు దించడం ఉండదు. ఆ రోజుల్లో మా పని ఒక్కటే. చుట్టుపక్కలంతా తెల్లబడినా రంగు పోగొట్టుకోని పగడాలేవో చూసి, వాటికి నంబరు బిళ్లలు కట్టడం. ఎప్పుడైనా మళ్లీ నాటాల్సి వస్తే విరిగిన ముక్కలు వీటి కిందే ఏరాలి. ఆ జాబితాలో ప్రస్తుతానికి ఎక్కువ భాగం పోరైటిస్‌లే. కొమ్మల పగడాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్నాయి, వాటిలో రెండు మేం దించిన రాళ్ల మీద పుట్టినవి.